ఏ కోటేశ్వరి?

బెంగుళూరు బండి ఇంకో గంట ఆలస్యమని చెప్పిన ఆ గొంతుకి అలసటనేది ఉండదు కాబోలు, ఇందాక మొదటిసారి చెప్పినంత తీయగానే ఇప్పుడూ చెబుతోంది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అంటోంది, ఎక్కడ చింతిస్తున్నావు తల్లీ, చింతించే మనిషి గొంతు అలా ఉంటుందా, చింతించే మనిషిని చూడాలంటే గుంటూరు స్టేషన్లో ఈ సిమెంటు బల్ల దగ్గరికొచ్చి నన్ను చూడు. చెప్పుల్లో కాళ్ళు ఉబ్బాయి. జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఫ్లాట్‌ఫాం చివర ఎవరివో మిరపకాయల టిక్కీలు పేర్చారు, గోతాల్లోంచి ఘాటు లేచి గాలితోపాటు వచ్చి ముక్కులో కూర్చుంటోంది, పక్కనున్న పెద్దాయన ఒకటే తుమ్ములు, తుమ్మినప్పుడల్లా నాకేసి చూస్తున్నాడు, నేనేదో ఇక్కడ కూర్చుని పోపు వేస్తున్నట్టు. ఎవరికోసమమ్మా అని అడిగాడు ఇందాక. ఏం చెప్పను? ఒకాయన వస్తున్నాడండీ, ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, పేరు కూడా తెలియదు, డి.కె. అని రెండక్షరాలే తెలుసు, ఆయన బండి దిగుతాడు, నా మొహం చూస్తాడు, నా కార్డు చూస్తాడు, నేను నేనే అని నమ్మకం కుదిరితే మళ్ళీ బండెక్కి పోతాడు అని చెప్పనా? పెళ్ళిచూపులా అమ్మా అంటాడు. బంధువులండీ అన్నాను. ఎండాకాలం బళ్ళు ఇంతేనమ్మా అని మళ్ళీ తుమ్మాడు.

నేను నేనే అని ఒకరు సాక్ష్యం చెప్పాలి, అంతే, ఇంతకంటే ఏమీ లేదు. నాలుగేళ్ళ నుంచి చేస్తున్న పని ఈ సాక్ష్యం దగ్గర ఆగింది. పైథాన్ నోట్‌బుక్ అని ఒక సాఫ్ట్‌వేర్, పైన లెక్క రాస్తే కింద జవాబొస్తుంది, పక్కన మన మాటల్లో వివరం రాసుకోవచ్చు, గ్రాఫు గీయమంటే గీస్తుంది, అచ్చం పిల్లల లెక్కల పుస్తకం లాగే, కాకపోతే ఇందులో పుస్తకమే లెక్క చేసి పెడుతుంది. రాసింది మేం కాదు, ఎవరో మహానుభావులు రాసి ఊరికే ఇచ్చారు. దాన్ని మా లినక్స్‌లో అంటే దేశదేశాల వాళ్ళు కలిసి కట్టి ఊరికే పంచే కంప్యూటర్ వ్యవస్థలో సరిగ్గా కూర్చునేట్టు సర్ది, ప్యాకేజీ అంటారే, అలా మూట కట్టి, డీవీడీలోకి ఎక్కేట్టు చేసేది నేనూ, పిడుగురాళ్ళలో నెట్ సెంటర్ నడిపే ముబీనూ. ఆ మహానుభావులు పంపిన దాంట్లో ఏవేవో ఫైళ్ళుంటాయి, ఎవరు రాశారో తెలియనివి, పంచుకోవడానికి అనుమతి ఉందో లేదో తెలియనివి, ఒకటొకటే చూసి పక్కన పెట్టాలి. మొదటిసారి ఆ పని చేస్తుంటే మా అమ్మ కల్లంలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయ ఏరేది కదా, అదే గుర్తొచ్చి ముబీన్‌తో అన్నాను, ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అవి తాలు. తాలు ఏరారా మేడమ్? ఏరాను, ఇంకా ఒక బస్తా ఉంది. ఇలా రాసుకుంటాం చాట్‌లో, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ, చూసేవాళ్ళకి ఏ గూఢచారులో అనిపిస్తుంది. మా మూట మేం ఎక్కించడానికి లేదు, మాకు చెల్లే తాళం లేదు, ఫిన్లండ్‌లో ఒకాయన మా పని సరిచూసి తన పేరు మీద ఎక్కించేవాడు, పాపం మంచివాడు, చలికాలం నుంచి ఆయన జాడ లేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఏమైందో ఏమిటో, ఒంట్లో బాగుండలేదేమో, లేక నాలాగే విసుగొచ్చి ఒక పొద్దున లేచి ఇంక చాలు అనుకున్నాడేమో. అలా అనుకుంటే తప్పు పట్టను. నేనూ వారానికోసారి అనుకుంటాను.

వచ్చే ఆదివారం గేటు మూసేస్తారు. ఫ్రీజ్ అంటారు, ఆ తరవాత ఏదీ లోపలికి పోదు, రెండేళ్ళకి గానీ మళ్ళీ తెరవరు. మా ఆయన శ్రీకృష్ణ కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు, ఇంట్లో ఫ్రీజ్ అంటే చాలు, కాయకి మంచిదేగా, రంగు పోదు అంటాడు. పోదు బాబూ, కానీ లోపల ఉన్న కాయ పాతది, తెలుగు రాస్తే డబ్బాలు పడే కాయ. అదీ నా బాధ. అది కూడా పుచ్చిందని తేల్చి డీవీడీలోంచి తీసి పారేస్తామని ఇప్పటికే హెచ్చరిక పెట్టారు. డీవీడీలో లేనిది మా పాలిటెక్నిక్ ల్యాబులో లేదు, ల్యాబుకి నెట్ లేదు, పోస్టులో వచ్చే ఆ పళ్ళెం మీదే మా పిల్లల చదువు. ఇంక తాళమున్న డి.కె. గారే గతి అని రాస్తే ఆయన ఎంత కటువుగా రాశాడు, మీ మూట నేను ఎక్కించను, నా మూటలకే నాకు టైం చాలడం లేదు, మీ పని నాలుగేళ్ళుగా అందరం చూస్తున్నాం, మీ తాళం మీరే తీసుకోండి, ఫలానా రోజు మీ ఊరి మీదుగా వెళ్తున్నాను, బండి ఆగినప్పుడు ఫోటో ఉన్న కార్డూ వేలిముద్రా తీసుకురండి. థాంక్యూ సర్ అని రాశాను. ఇన్నేళ్ళుగా ఆయనకి రాసిన ప్రతి ఉత్తరం థాంక్యూ సర్‌తోనే ముగుస్తుంది.

వేలిముద్రట. కంప్యూటర్లో నా పేరున తాళం చేసుకున్నాను, ముందే తాళమున్నవాళ్ళు ఒకరు నన్ను చూసి సంతకం చేస్తే గానీ అది చెల్లదు, దానికి ఒక గుర్తు ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడుగాటి వరస, దాన్ని వేలిముద్ర అంటారు. చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. మా నాయనమ్మ సొసైటీ బ్యాంకులో వేలిముద్ర వేసొచ్చి చీరకొంగుకి ఆ సిరా తుడుచుకునేది, నువ్వన్నా సంతకం పెట్టవే అనేది, చూడవే నాయనమ్మా, ఎమ్మెస్సీ చదివి వేలిముద్ర పట్టుకుని నిలబడ్డాను.

తాళం మీద పేరు పోలిశెట్టి కోటేశ్వరి. కార్డు మీద పేరు గార్లపాటి కోటేశ్వరి. ఇదీ గొడవ. ఓటరు కార్డుల వాళ్ళు వచ్చిన రోజు నేను కాలేజీలో ఉన్నాను, మా అత్తగారు సుబ్బరావమ్మ గారు గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ చెప్పేసింది, ఇంటిపేరు అందరికీ ఒకటే రాసుకోండయ్యా అంది, వాళ్ళు రాసుకుపోయారు. అందులో ఆవిడ తప్పేముంది? ఆవిడకి అదే న్యాయం, ఆవిడ ఇంటిపేరూ ఒకప్పుడు ఎవరో గుమ్మంలో నిలబడి మార్చేసిందే. మార్పించమని మా ఆయన్ని అడిగితే, ఇప్పుడేం కొంపలంటుకుపోయాయి, పేరు కోటేశ్వరే కదా అన్నాడు. కోటేశ్వరే! అదే కదయ్యా నా ఖర్మ. కోటప్పకొండ కనపడే ఊళ్ళో పుట్టాక ఇంట్లో ఒకరికన్నా ఆ స్వామి పేరు పెట్టకుండా ఉంటారా? మా వీధిలో కోటేశ్వరీ అని పిలిస్తే మూడు గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చేవి. బడిలో, రేషన్ షాపులో, డాక్టరు దగ్గర, ఎక్కడ పేరు చెప్పినా వెంటనే వచ్చే మాట ఒకటే, ఏ కోటేశ్వరి? పోలిశెట్టోళ్ళ కోటేశ్వరినండీ. చిన్నప్పట్నుంచీ నా పేరు సగమే, ఇంటిపేరు అంటిస్తే గానీ నేను మనిషిని కాను. ఆ మిగతా సగాన్ని తీసేసి ఇంకోటి అంటించి, ఇప్పుడేం పోయింది అంటాడు ఈయన. మా మూట లోపల ప్రతి మార్పు కింద ఎవరు చేశారో రాయాలి, ఏ ఏడాదిది తీసి చూసినా పోలిశెట్టి కోటేశ్వరే. అది నేను. కార్డు మీదది సుబ్బరావమ్మ గారి కోడలు.

పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి మేడమ్, అందులో పాత పేరే కదా అని ముబీన్ సలహా. తెచ్చాను. దాని మీద ఫోటో ఉండదు, పుట్టుమచ్చలుంటాయి. మనిషికీ కాగితానికీ ఆ మచ్చే సాక్ష్యం. నా సర్టిఫికెట్ మీద ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ అని ఉంది. నా ఎడమ ముంజేతి మీద వాచీ గుర్తు తప్ప ఏమీ లేదు. నా మచ్చ మెడ వెనకాల, జడ కింద ఉంది. క్లాసులో నాతోపాటు పోతిన కోటేశ్వరి ఉండేది, ఇద్దరం పి. కోటేశ్వరే, పిచ్చయ్య మాస్టారు ఆడపిల్లల మచ్చలు తను చూడడం బాగుండదని మమ్మల్నే చెప్పమని ముఖం తిప్పుకుని రాసుకున్నాడు, ఆ హడావుడిలో దాని మచ్చ నాకూ నా మచ్చ దానికీ పడ్డాయి. పెద్దయ్యాక చూసుకుని నవ్వుకున్నాం. పోతిన కోటేశ్వరి ఇప్పుడు పెదకాకానిలో బట్టల కొట్టులో కూర్చుంటుంది, నా మెడ మీది మచ్చని బీరువాలో దాచుకుని. నాకు దాని చేతి మచ్చ కావాలి ఇవ్వాళ, ఒక్క పది నిమిషాలు అప్పిస్తే బాగుండు.

పొద్దున ఫోన్లో ముబీన్ అరిచాడు, ఆ సున్నపు బట్టీల లారీల రొదలో మామూలుగా మాట్లాడడం మర్చిపోయాడు ఆ మనిషి, కాటుక పెట్టుకుపోండి మేడమ్! ఆయనేమన్నా చెయ్యి గిల్లి చూస్తాడా? ఛీ ఊరుకోండి అన్నాను. అని, ఫోన్ పెట్టెయ్యగానే అద్దం ముందుకెళ్ళి పెట్టుకున్నాను. సిగ్గులేకపోతే సరి. ఇప్పుడు కొంగు కింద దాచుకుని కూర్చున్న ఈ చెయ్యి నాది కాదన్నట్టు ఉంది. చెమటకి అది కారిందో లేదో తీసి చూడడానికి కూడా భయం. అసలు ఆ సంతకం పద్ధతి అంతా నమ్మకం మీద నడుస్తుంది, ఒకరినొకరు చూసి, ఈ మనిషి ఈ మనిషే అని, నేను చూశానని ఇంకొకరికి చెప్పడం, ఆ చెప్పినవాడిని నమ్మి మరొకడు. అలాంటి దాంట్లోకి కాటుక బొట్టు పెట్టుకుని పోతున్నాను. ఎందుకు? ఏం కట్టబెడుతున్నారని? ఇంటికెళ్ళి అన్నం వండి, పేపర్లు దిద్ది, కరెంటు ఉన్నప్పుడు కూర్చుని, లేనప్పుడు దోమలు కొట్టుకుంటూ, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నీ మూట నా మిషన్ మీద విరిగిపోయింది అని కసిరితే సారీ చెప్పి మళ్ళీ కట్టి. అలిసిపోయాను. నిజంగా అలిసిపోయాను. బండి రాకపోతే బాగుండునని ఇందాకట్నుంచి మనసులో ఏదో మూల అనుకుంటూనే ఉన్నాను, రాకపోతే నా తప్పు ఉండదు, రైల్వే వాళ్ళ తప్పు, హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

కానీ నసీమున్నీసా ఉంది కదా. నరసరావుపేట బస్సులో వస్తుంది, ల్యాబులో మొదటి వరస. ఎండబెట్టిన మిరపకాయ రోజురోజుకీ ఎంత బరువు తగ్గుతుందో నోట్‌బుక్‌లో గీత గీయించింది ఒకరోజు, వాళ్ళ నాన్న నోటికి చెప్పేది స్క్రీను మీద వంగి వంగి దిగుతుంటే పక్కపిల్లల్ని చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించింది. అంతా బాగుంది, పైన తన పేరు తెలుగులో కొట్టింది, డబ్బాలు పడ్డాయి. వరసగా ఖాళీ డబ్బాలు. నా పేరేది మేడమ్ అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ముబీనూ నేనూ వారాల తరబడి తంటాలు పడి తెలుగు అక్షరాలు కుదిర్చాం, కుదిరిస్తే అవే ఫైళ్ళు ఇంకో ప్యాకేజీ కూడా తెచ్చి పెడుతోంది, రెండూ ఒకే చోట మాదంటే మాదని కొట్టుకుని ఏదీ ఎక్కనివ్వడం లేదు. చివరికి ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవాటిని బయటికి తీసి మూడో మూటగా కట్టాను, కామన్ అని పేరు పెట్టాను, గొడవ తీరింది. బుర్ర తక్కువ పనే, కానీ ఆ రోజు ముబీన్ పిడుగురాళ్ళ నుంచి ఫోన్ చేసి, మేడమ్ నా పేరు కనపడుతోంది, చివర పొల్లు కూడా చక్కగా వచ్చింది అని అరిచాడు. ఆ మూటే ఇప్పుడు తాళం లేక బయట కూర్చుంది. నసీమున్నీసా ఇంకో ఏడాదిలో వెళ్ళిపోతుంది, రెండేళ్ళ తరవాత వచ్చే డీవీడీ ఆ పిల్లకి ఎందుకు?

బండి. పెద్దాయన లేచాడు. టిక్కీల దగ్గర మనుషులు లేచారు. ఎస్ సెవెన్ బోగీ అని ఉత్తరంలో రాశాడు డి.కె., ఎక్కడాగుతుందో తెలియక ముందుకీ వెనక్కీ పరుగెత్తాను, దిగేవాళ్ళందరిలో ఒంటరిగా దిక్కులు చూసే మగాడి కోసం చూశాను, కళ్ళజోడు ఒకాయన కనపడితే సర్ అన్నాను, ఆయన పక్కకి తప్పుకుపోయాడు. ఎవరో వెనకనుంచి భుజం తట్టారు. నీళ్ళసీసా పట్టుకుని ఒకావిడ, నాకంటే పెద్దది, నలిగిన నేత చీర, పక్కకి ముడేసిన జుట్టు.

"కోటేశ్వరి అంటే నువ్వేనా?"

"అవునండీ. మీరు... సర్ రాలేదా?"

"సర్ లేడు ఏం లేడు, నేనే. దేవకుమారి. డి.కె."

నాలుగేళ్ళ థాంక్యూ సర్‌లు అన్నీ ఒక్కసారి నా మొహం మీద పడ్డాయి. అయ్యో అన్నాను. మరి చెప్పలేదేమండీ అన్నాను. "నువ్వు అడగలేదుగా," అంది, కనిగిరి వైపు మాట, సాగదీయకుండా తెగ్గొట్టేస్తోంది. "కార్డు తియ్యి. బండి ఎక్కువసేపు ఆగదు."

కార్డు ఇచ్చాను. ఆ కార్డులో నా ఫోటో చూస్తే మా అమ్మ కూడా గుర్తుపట్టదు, ఆవిడ మాత్రం కళ్ళు చిట్లించి ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసింది. చీటీ చదివింది. పెదాలు బిగించింది. "తాళం మీద పోలిశెట్టి అని ఉందే." ఇంక నా నోరు ఆగలేదు, గుమ్మంలో సుబ్బరావమ్మ గారి దగ్గర్నుంచి పిచ్చయ్య మాస్టారిదాకా అంతా గడగడా చెప్పేస్తూ సర్టిఫికెట్ తీశాను, ఆవిడ చదివి, "ముంజెయ్యి చూపించు" అంది. కొంగు కింద నుంచి చెయ్యి తీశాను. నల్లగా మోచేతిదాకా పాకిపోయింది కాటుక.

"ఇదేంటి?"

"కాటుకండీ," అన్నాను. ఇంకేమనగలను? "ఆ మచ్చ నాది కాదు. మా క్లాసులో ఇంకో కోటేశ్వరిది. నాది మెడ వెనక ఉంది. మీరు సంతకం చెయ్యకపోయినా సరే." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ టిక్కీల ఘాటనుకుంటే అనుకోనీ. కొంగుతో గట్టిగా రుద్దాను చెయ్యి. నాయనమ్మ సిరా తుడుచుకున్నట్టే.

ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. సర్టిఫికెట్ మడిచి నాకే ఇచ్చేసింది. "ఇది నాకొద్దు. పోలిశెట్టికి నేను సంతకం చెయ్యలేను, ఆ పేరున నువ్వు చూపించిన ఫోటో లేదు. గార్లపాటికి చెయ్యమంటే చేస్తాను."

"వద్దండీ." ఎంత గట్టిగా వచ్చిందో ఆ మాట, నాకే ఆశ్చర్యం వేసింది. నసీమున్నీసా గుర్తొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది, నీ పట్టుదల కోసం ఆ పిల్ల పేరు డబ్బాలవ్వాలా అనుకున్నాను, సరే గార్లపాటికే చెయ్యండి అని నోటిదాకా వచ్చింది.

"ఆ రెండు ప్యాకేజీలు కొట్టుకుంటే ఏం చేశావు నువ్వు?" అంది ఆవిడ.

"ఏవండీ?"

"తెలుగు అక్షరాలవి. ఉమ్మడిది తీసి విడిగా కట్టావుగా. నేను చూశాలే, బాగా కట్టావు." తాళం చీటీ మీద పోలిశెట్టిని బొటనవేలితో మూసి చూపించింది, కార్డు మీద గార్లపాటిని మూసి చూపించింది. "ఫోటో నీదే. ఈ పేరూ నీదే. ఇంటికెళ్ళి తాళం మీద ఈ పేరొక్కటే పెట్టుకో, పేరు మార్చినా వేలిముద్ర మారదు. రేపు పొద్దున విశాఖలో నేను పోయే పెళ్ళి మండపం నుంచైనా సరే సంతకం పంపిస్తాను. నేనూ అంతేగా, దేవకుమారి, అదే డి.కె. నా ఇంటిపేరు ఎవరన్నా అడిగారా ఇన్నేళ్ళలో?" బండి కూత పెట్టింది. ఆవిడ చీటీ జాకెట్లో దోపుకుని నీళ్ళసీసా నా చేతిలో పెట్టింది, నీళ్ళు పట్టుకోవడానికి దిగిన మనిషి ఖాళీ సీసా నాకిచ్చి ఎక్కేసింది. "ఈసారి సర్ అని రాస్తే జవాబివ్వను," అని తలుపు దగ్గర నుంచి కేకేసింది.

బండి వెళ్ళిపోయాక కూడా ఆ సీసా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తేలిగ్గా ఏమీ అనిపించలేదు, కాళ్ళు ఇందాకటిలాగే పీకుతున్నాయి, ఇంటికెళ్ళి వంట, ఆ తరవాత కరెంటు ఉంటే తాళం, మూట, మళ్ళీ ఇంకోసారి మొదట్నుంచీ సరిచూసుకోవడం. పోలిశెట్టి పోయింది. అది మటుకు కలుక్కుమంది, మా నాన్నకి చెప్పాలంటే ఎలాగో ఉంది. కానీ గార్లపాటీ పోయింది. మిగిలింది ఊరూవాడా అందరికీ ఉన్న ఆ కోటేశ్వరి, ఎప్పుడూ చాలని పేరు, దాన్ని ఒంటరిగా ఎక్కడా నిలబెట్టినదాన్ని కాదు. ఫోన్ మోగింది. చెవికి దూరంగా పెట్టుకుని ఎత్తాను.

"ఏమైంది మేడమ్? వచ్చాడా ఆయన? చేస్తానన్నాడా?"

"ఆయన కాదు, ఆవిడ. చేస్తానన్నారు."

"హమ్మయ్య! ఏ పేరుకి?"

"కోటేశ్వరికి."

"అదే, ఏ కోటేశ్వరికి?"

మా లినక్స్ కట్టేవాళ్ళ పేర్ల పట్టీ అంతా నాకు తెలుసు. దేశదేశాల వాళ్ళున్నారు, వందల మంది ఉన్నారు, నోరు తిరగని పేర్లున్నాయి. వెతికి చూస్తే ఇంకో కోటేశ్వరి లేదు.

"ఉత్త కోటేశ్వరికి," అన్నాను.